పామర్రు మీద నేను పెట్టిన ఎర్ర చుక్క

మీలో ఎవరైనా కృష్ణా డెల్టా చూడాలనుకుంటే తప్పకుండా వెళ్ళండి. డిసెంబరులో వెళితే మరీ మంచిది. కోతకొచ్చిన వరి, రోడ్డు పక్కనే కాలవ, మనకు ఆకలేసేలోపే ఏదో ఒకటి చేతిలో పెట్టే మనుషులు. పామర్రు కూడా వెళ్ళండి. కానీ అక్కడ కంప్యూటర్లతో నిండిన ఇల్లొకటి ఉందని ఎవరైనా చెబితే మాత్రం నమ్మకండి. ఆ మాట పుట్టించింది నేనే. దాన్నే పట్టుకుని ఊళ్ళు తిరిగి, చివరికి ఆ ఇంట్లోనే అన్నం తిని వచ్చాను. వచ్చి వారం దాటినా ఆ అన్నం గుర్తొస్తే ముద్ద దిగడం లేదు.

మాది ధర్మవరం. ఉద్యోగం బెంగళూరులో. నేనేం చేస్తానో మా ఇంట్లోవాళ్ళకే అర్థం కాదు కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. క్రిప్టో అంటారే, ఆ జాతి డిజిటల్ కాయిన్ ఒకటి ఉంది. దానికి బ్యాంకు లేదు, హెడ్డాఫీసు లేదు. ప్రపంచమంతటా ఎవరెవరి ఇళ్ళలోనో ఉన్న కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటూ దాన్ని నడుపుతుంటాయి, కొన్ని ఆ పనికి కొత్త కాయిన్లు కూడా సంపాదిస్తాయి. అవి మొత్తం ఎన్ని, ఏయే ఊళ్ళలో ఉన్నాయి అని అంచనా కట్టడం నా పని. పెళ్ళివారింట్లో చుట్టరికాలు కూపీ లాగినట్టే ఉంటుంది. ఒక కంప్యూటర్ని పలకరించి "నీకు తెలిసినవాళ్ళెవరు?" అని అడుగుతాం. అది కొన్ని అడ్రసులు చెబుతుంది. వాటినీ పలకరించి అదే ప్రశ్న వేస్తాం. అవి ఇంటి నంబర్లు కావు, ఇంటర్నెట్ అడ్రసులు. ఏ అడ్రసు భూమ్మీద ఎక్కడ ఉంటుందో చెప్పే పట్టికలు అమ్ముతారు. అది కొనుక్కుని అడ్రసుకొక చుక్క చొప్పున మ్యాపు మీద పెడతాం.

అలా పెడితే కృష్ణా డెల్టా వెలిగిపోయింది. పామర్రు దగ్గరైతే చుక్క మీద చుక్క పడి ఎర్రగా కుప్ప పోసినట్టు కనిపించింది. అంత చిన్న ఊళ్ళో, అదీ ఒకే చోట ఇన్నేమిటి అని అనుమానం రాకపోలేదు. వచ్చిన అనుమానాన్ని పక్కకు నెట్టేశాను, ఎందుకంటే మ్యాపు చాలా బాగుంది. దాని చుట్టూ ఎర్ర గీత గీసి, వరి పొలాల మధ్య కాయిన్లు పండుతున్నాయని వ్యాసం రాసి మా వెబ్‌సైట్లో పెట్టాను. దాన్ని చాలామంది పంచుకున్నారు. నేను ఉప్పొంగిపోయాను. కొన్ని నెలలకు మంగళగిరి దగ్గర ఒక కాలేజీవాళ్ళు వచ్చి మాట్లాడమన్నారు. అదీ ఈ ప్రయాణానికి కారణం.

గన్నవరం

విమానం దిగి బయటికి రాగానే ఆటో అతను ఎదురొచ్చి "రండి మేడమ్ గారూ, ఎక్కడికండీ?" అన్నాడు. మా వైపు ఆటోవాళ్ళు ఇంత మర్యాదగా పిలిస్తే ముందు పర్సు తడుముకుంటాం. విజయవాడకు ఏడొందలన్నాడు. నేను నాలుగొందలన్నాను. "ఏదోటి ఇవ్వండి, ఎక్కండి" అన్నాడు. ఏదోటి అంటే ఏడొందలేనని దిగేటప్పుడు తెలిసింది.

దారి పొడుగునా ప్రశ్నలే. ఏ ఊరు, ఏం చదివాను, పెళ్ళయిందా, కాకపోతే ఎందుకు కాలేదు. అడిగేదంతా అండీ పెట్టి అడుగుతుంటే కోప్పడటానికి సందు దొరకదు. కంప్యూటర్ల ఉద్యోగమని చెప్పాను.

"అయితే మీరు పామర్రు వెళ్ళాలండీ," అన్నాడు వెనక్కి తిరిగి. "అక్కడో ఇంట్లో అన్నీ కంప్యూటర్లేనంట. తలుపులేసుకుని కాయిన్లు తీస్తున్నారంట. లోపల ఫ్యాన్లు ఆగకుండా తిరుగుతానే ఉంటాయంట."

"మీరు చూశారా?"

"నేను చూళ్ళేదండీ. మా బావమరిది చెప్పాడు."

నా గుండె సంతోషంతో గంతులేసింది. బెంగళూరులో గదిలో కూర్చుని నేను కట్టిన అంచనాను విజయవాడ ఆటో డ్రైవరు తనంతట తానే నిజమంటున్నాడు. ఇంతకంటే ఏం కావాలి? ఆ బావమరిదికి ఎవరు చెప్పారని అడగాలని తోచనే లేదు. కంప్యూటర్లనైతే ప్రతిదాన్నీ అదే అడుగుతాను.

వన్‌టౌన్

మర్నాడు పొద్దున పెసరట్టు ఉప్మా తిన్నాను. పెసరట్టులో ఉప్మా పెట్టడమేమిటని మొదట నవ్వుకున్నాను గానీ రెండోది నేనే అడిగి వేయించుకున్నాను. మా ఉగ్గాని, బజ్జీల మీద బెంగ కాసేపు మరిచిపోయాను. ప్లేటు డెబ్బై రూపాయలు. అల్లం చట్నీ ఎంతడిగితే అంత.

వన్‌టౌన్లో కంప్యూటర్ సామాన్లమ్మే కరీముల్లా గారిని కలవమని మా ఆఫీసులో ఒకరు చెప్పారు. సన్నటి సందులో షాపు. లోపలికెళ్ళడానికి అట్టపెట్టెల మధ్య పక్కకు తిరిగి నడవాలి. ఆయన తెల్ల చొక్కా మీద చిన్న మరక కూడా లేకుండా ఆ దుమ్ములో కూర్చుని ఉన్నారు. నేను చెప్పకముందే టీ వచ్చింది, టీతో పాటు ఉస్మానియా బిస్కెట్లు.

"కాయిన్ల కోసం పెద్ద పెద్ద మెషీన్లు ఎవరైనా కొంటున్నారాండీ?" అని అడిగాను.

"మా దగ్గరైతే లేదమ్మా. గేములాడే పిల్లలు కొంటారు, అంతే. కానీ పామర్రులో ఉన్నాయంట కదా?"

"మీ దగ్గర కొనకుండా అన్ని ఎక్కడి నుంచి వచ్చాయంటారు?"

 "చెన్నై నుంచి తెచ్చుకుని ఉంటారు. లోకల్‌గా కొంటే తెలిసిపోద్దని. ఎవరో మ్యాపు కూడా పెట్టారుగా నెట్లో? ఎర్ర గీత గీసి మరీ చూపించారు."

ఆ ఎవరో ఎదురుగా కూర్చుని ఆయన బిస్కెట్లు తింటోంది. నేనేనని చెబుదామా అనుకున్నాను. గొప్ప చెప్పుకున్నట్టుంటుందని ఊరుకున్నాను. నిజంగా అదే కారణం. నా మాటే రెండోసారి నా చెవిన పడుతోందని అప్పటికి కూడా వెలగలేదు. ఇద్దరు చెప్పారు కాబట్టి నిజమేనని నోట్ చేసుకున్నాను.

మంగళగిరి

కాలేజీకి వెళ్ళే ముందు చేనేత చీరల షాపుకి వెళ్ళాను. ధర్మవరం పిల్లను చీర కొనడానికి పంపిస్తే షాపువాడికి అంతకంటే శిక్ష ఉండదు. మా పట్టుచీర మోత బరువు, వీళ్ళ నూలు చీర చేతిలో ఉందో లేదో తెలియదు. నిజాం అంచు చూపించి పద్దెనిమిది వందలన్నాడు. పోగు లాగి చూశాను, వెనక్కి తిప్పి చూశాను, అంచు గోటితో గీకాను. "మీరు నేతగాళ్ళ పిల్లండీ, మీతో బేరం నా వల్ల కాదు" అని పదిహేను వందలకిచ్చాడు. చీర పోగు అంత శ్రద్ధగా చూసిన మనిషిని మ్యాపు చూడలేకపోయాను.

కాలేజీ హాలు నిండింది. తెర మీద డెల్టా వెలుగుతూ కనిపించగానే అందరూ ఓ అన్నారు. మన నేల, మన కాలవలు, మన కాయిన్లు అని ఏదేదో మాట్లాడాను. చప్పట్లు బాగానే కొట్టారు. అయిపోయాక పద్మజ గారని ఒక లెక్చరర్ మంచినీళ్ళు అందిస్తూ అడిగారు. "మాది పామర్రు దగ్గరేనండీ. ఇంతకీ ఆ ఇల్లెలా ఉంది?"

"ఇంకా వెళ్ళలేదండీ."

"అయ్యో, చూడకుండానేనా?" అని ఆవిడ నవ్వేశారు. ఎగతాళి కాదు, ఆశ్చర్యమే. "రేపు వెళ్ళండి మరి. ఇంత దూరం వచ్చారు."

చెవులు వేడెక్కాయి. వెళ్ళి ఫొటో తీసుకొచ్చి వ్యాసానికి జోడించాలని ఆ క్షణమే నిర్ణయించుకున్నాను. తప్పు చేశానేమోనని కాదు సుమా, ఫొటో లేని లోటు తీర్చుకోవడానికి.

పామర్రు సెంటర్

విజయవాడ నుంచి బందరు బస్సెక్కితే కంకిపాడు, ఉయ్యూరు మీదుగా పామర్రు. చాలా దూరం కాలవ పక్కనే వెళుతుంది బస్సు. మా ఊళ్ళో ట్యాంకరొస్తే బిందెలతో పరుగులు పెట్టినదాన్ని, అంత నీరు ఎవరూ పట్టించుకోకుండా పోతుంటే కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను. పక్క సీటులో పెద్దావిడ బందరు లడ్డు ఒకటి తీసి చేతిలో పెట్టింది. ఎవరు, ఎక్కడికి అని తర్వాత అడిగింది.

సెంటర్లో దిగి టీకొట్టు అతన్ని అడిగాను. అడగడం పూర్తి కాకముందే అతను చెయ్యి చూపించాడు.

"కంప్యూటర్ల ఇల్లేగా? కాలవ గట్టు మీద తిన్నగా వెళ్ళండి, రేకుల షెడ్డు కనపడుద్ది. కిటికీలకు గోనెసంచులు కట్టి ఉంటాయి. రోజూ ఎవరో ఒకళ్ళు వస్తానే ఉన్నారండీ. మొన్న గుంటూరు నుంచి కార్లో వచ్చారు, డబ్బులు పోయాయంట ఆ కాయిన్లలో. ఒకటే కేకలు."

టీ పది రూపాయలు. దారి చెప్పినందుకు ఏమీ తీసుకోలేదు.

గుంటూరు నుంచి వచ్చినవాళ్ళ మాట వినగానే టీ గ్లాసు సగంలోనే కింద పెట్టేశాను. అయినా నడిచాను. రాత్రి జల్లు పడ్డట్టుంది, గట్టంతా బురద. రెండు వైపులా పచ్చిగడ్డి, పండిన వరి కలిసిన వాసన. షెడ్డు దూరం నుంచే కనిపించింది. దగ్గరికి వెళ్ళేకొద్దీ ఫ్యాన్ల మోత, పక్కనే జనరేటరు, తలుపుకి పెద్ద తాళం. నేను ఊహించుకున్నట్టే ఉంది. ఫొటోలు తీశాను, మూడు వైపుల నుంచి. నాలుగో వైపు వెళుతుంటే కాలు బురదలో దిగి చెప్పు వారు తెగింది.

షెడ్డు

ఆ చప్పుడుకి పక్కనున్న చిన్న ఇంట్లోంచి ఒకామె బయటికొచ్చింది. నా ఈడే ఉంటుంది. నా చేతిలో ఫోను చూసింది, తెగిన చెప్పు చూసింది.

"మీరు కూడా కంప్యూటర్లు చూడ్డానికే వచ్చారాండీ?"

ఆ గొంతులో కోపం లేదు, విసుగు కూడా అయిపోయింది.  "కాదండీ, ఇక్కడేదో..." అని నీళ్ళు నములుతుంటే లోపలి నుంచి కిచకిచమని పిల్లల అరుపులు వినిపించాయి. "కోడిపిల్లలు అమ్ముతారంటే వచ్చాను" అనేశాను. అలా వచ్చింది అబద్ధం, అంత తేలిగ్గా.

ఆమె మొహం విప్పారింది. పేరు హసీనా. ఆమె, భర్త జానీ కలిసి ఆ షెడ్డు అద్దెకు తీసుకుని హేచరీ నడుపుతున్నారు. గుడ్లు తెచ్చి మెషీన్లో పొదిగించి పిల్లల్ని అమ్ముతారు. నాటుకోళ్ళు, బాతులు. భర్త గుడ్ల కోసం కైకలూరు వైపు వెళ్ళాడట. "రండక్కా, చూద్దురుగాని" అని నా తెగిన చెప్పు గడప బయట విడిపించి, షెడ్డులో వేసుకునే నీలం రబ్బరు చెప్పులు ఇచ్చింది. బయటి చెప్పులతో లోపలికి వెళితే పిల్లలకు జబ్బులొస్తాయట. తలుపుకి తాళం కూడా అందుకే. ఊరికే వచ్చి తొంగిచూసేవాళ్ళను రానివ్వరు.

లోపల ఉక్క. పెద్ద బీరువాల్లాంటి మెషీన్లు, వాటిలో అరలు అరలుగా గుడ్లు. గోనెసంచులు చలిగాలి రాకుండా కట్టినవి. ఫ్యాన్లు వేడిని అంతటా సమానంగా తిప్పడానికి. ఒక్కటంటే ఒక్క కంప్యూటరు లేదు. మూల పెట్టెలో అప్పుడే దిగిన బాతుపిల్లలు పసుపు ముద్దలు దొర్లినట్టు ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి. ఆమె ఒకదాన్ని తీసి నా అరచేతిలో పెట్టింది. దాని గుండె కొట్టుకోవడం నా వేళ్ళకు తెలుస్తోంది. నాకు తల కొట్టేసినట్టయింది.

వెళ్ళొస్తానంటే ఒప్పుకోలేదు. "అన్నం వేళకి వచ్చి తినకుండా వెళతారా?" అంది. అదీ అక్కడి పద్ధతి, అడగడం కాదు, కంచం పెట్టేయడమే. వేడన్నం, దాల్చా, బాతుగుడ్ల వేపుడు. నేను తింటుంటే ఆమె తన కష్టం చెప్పింది.

"ఆరు నెలల్నుంచి ఇదే గోలక్కా. ఎవరెవరో వస్తారు, తలుపులు కొడతారు. డబ్బులు పోగొట్టుకున్నోళ్ళు మా డబ్బులు ఇవ్వమంటారు. మొన్నొకతను కిటికీ అద్దం పగలగొట్టాడు. పొద్దున చూసేసరికి చలిగాలికి ఆ వైపు మెషీను చల్లబడి గుడ్లన్నీ పాడైపోయాయి. షెడ్డు కోటేశ్వరరావు బాబాయ్ గారిది. మంచోడే. కానీ రేపు పోలీసులొస్తే తన పొలం కాగితాలు అడుగుతారని భయం. ఇప్పుడు మెషీన్లో ఉన్న గుడ్లు దిగగానే ఖాళీ చేసేయమన్నాడు. ఈ మెషీన్లు ఎక్కడికి మోసుకెళ్ళాలి? అప్పుడే రాబోయే గుడ్లకు అడ్వాన్సులిచ్చేశాం."

"ఎందుకు వస్తున్నారు అందరూ?" అని అడిగాను. అడిగిన నోటితోనే ముద్ద మింగాను.

ఆమె ఫోను తీసి చూపించింది. ఎవరో వాట్సాప్‌లో పంపిన బొమ్మ. నా మ్యాపు. నా ఎర్ర గీత. ఆ ఎరుపు కోసం ఒక సాయంత్రమంతా రంగులు మార్చి మార్చి చూశాను, మరీ ముదురైతే బాగోదని.

ఆ బొమ్మను అంత దగ్గరగా, ఆ నేల మీద కూర్చుని చూస్తుంటే అప్పుడు అర్థమైంది. మేం కొనే పట్టికకు కొన్ని అడ్రసులు ఏ ఊరివో తెలియదు, ఏ జిల్లావో మాత్రమే తెలుసు. అలాంటివాటిని తెలియదని వదిలేయకుండా జిల్లా నడిమధ్యలో పెట్టేస్తుంది. దేశం కూడా అంతే, ఊరు తెలియకపోతే దేశం నడిమధ్యలో చుక్క పడుతుంది. ఆ సంగతి మా పనిలో ఉన్నవాళ్ళందరికీ తెలుసు. దేశం నడుమ పడ్డ చుక్కల్ని నేనే తీసేశాను కూడా. జిల్లాలకూ అదే జరుగుతుందని నాకు తట్టి ఉండాల్సింది. తట్టబోయిన అనుమానాన్ని నెట్టేశానని పైన రాశాను కదా. జిల్లా నడిమధ్య ఈ రేకుల షెడ్డు మీద పడింది. జిల్లాలో ఎక్కడెక్కడో ఉన్న, ఎక్కడున్నాయో ఎవరికీ తెలియని కంప్యూటర్లన్నీ నా మ్యాపు మీద హసీనా ఇంట్లో వచ్చి కూర్చున్నాయి.

"మీరేం చేస్తారక్కా?" అంది ఆమె మజ్జిగ పోస్తూ.

"కంప్యూటర్ ఉద్యోగం."

"మంచిదైంది! అయితే బాబాయ్ గారికి మీరు చెప్పాలి. మా మాట వినట్లేదు, చదువుకున్నోళ్ళు చెబితే వింటారు." అప్పటికప్పుడు ఆయనకు ఫోను చేసింది. నేను చెయ్యి కడుక్కుని వరండాలో కూర్చున్నాను. ఆ కాసేపట్లో నిజం చెప్పేయడానికి బోలెడు సమయం ఉంది. చెప్పలేదు.

వరండా

కోటేశ్వరరావు గారు బండి మీద వచ్చారు. పంచె, మెడలో తుండు, మోకాళ్ళ దాకా బురద, కోతలు చూసుకుంటూ మధ్యలో వచ్చారు. నేను మొదలుపెట్టాను. పట్టిక సంగతి, జిల్లా నడిమధ్య సంగతి అన్నీ చెప్పి, "ఆ మ్యాపు తయారుచేసినవాళ్ళు పొరబడ్డారండీ" అన్నాను. చేసినవాళ్ళు. ఎవరో పరాయివాళ్ళలా.

"వాళ్ళు పొరబడ్డారని మీకెట్టా తెలుసు?"

"ఇలాంటి పనులు మాకు తెలుసండీ."

"నెట్లో అట్టాగే ఉందిగా ఇప్పటికీ? తప్పైతే తీసేసేవాళ్ళుగా?" అని ఆయన ఫోను తీసి చూపించారు. మా వెబ్‌సైటు, ఎర్ర గీతతో సహా. "అమ్మాయి మీద నాకు కోపం లేదండీ. మూడు పంటల నుంచి నా షెడ్డులో ఉంది. కానీ నాక్కూడా పిల్లలున్నారు. ఇది నెట్లో ఉన్నన్నాళ్ళూ నేను ఉండనివ్వలేను."

హసీనా నా వైపు చూసింది. ఆ చూపులో ఆశ తప్ప మరేం లేదు. నేను లాప్‌టాప్ తీశాను. ఊరు తెలియని అడ్రసులన్నింటినీ మ్యాపు నుంచి తీసేశాను. ఎర్ర గీతా, వ్యాసమూ కూడా తీసేశాను. పెద్ద పనేం కాదు, ఆరు నెలల కిందటే చేసి ఉండొచ్చు.

"ఇప్పుడు చూడండి" అన్నాను.

ఆయన ఫోను మీద మళ్ళీ తెరిచారు. పామర్రు మీద చుక్క లేదు. పామర్రే కాదు, చుట్టుపక్కల జిల్లాల నడుమ పడ్డ చుక్కలూ పోయి డెల్టా అంతా చీకటైపోయింది. విజయవాడ దగ్గర నాలుగైదు మినుకుమంటున్నాయి, అంతే. నేను మన నేల, మన కాలవలు అని చప్పట్లు కొట్టించుకున్న వెలుగంతా ఆ తెలియని అడ్రసులదే.

"అరె, పోయిందే!" అన్నారాయన ముందు సంతోషంగా. తర్వాత ఆగిపోయారు. ఫోను వైపు, నా లాప్‌టాప్ వైపు చూశారు.

ఆయన కంటే ముందు హసీనాకు అర్థమైంది.  లేచి షెడ్డులోకి వెళ్ళింది, గుడ్ల అరలు తిప్పే వేళైంది. లోపలి నుంచి మీట తిప్పుతున్న చప్పుడు వినిపిస్తోంది. కోటేశ్వరరావు గారు, నేను ఒకరి మొహాలొకరం చూసుకోకుండా కూర్చున్నాం. హసీనా తిరిగొచ్చి గుమ్మంలో నిలబడింది.

"అన్నం తినేటప్పుడే చెప్పొచ్చుగా మేడమ్ గారూ."

అప్పటిదాకా అక్కా అన్న మనిషి. నేను క్షమించమన్నాను. తప్పు దిద్దుతూ వ్యాసం రాస్తానన్నాను. చెబుతుంటేనే నా మాటలు నాకే చప్పగా వినిపించాయి.

"రాస్తే మా ఊళ్ళో ఎవరు చదువుతారండీ?" అన్నారు కోటేశ్వరరావు గారు. కటువుగా కాదు, పని మాట్లాడుతున్నట్టు. "పొద్దున్నే పాల కేంద్రం దగ్గరికి రండి. ఊరంతా అక్కడే ఉంటారు. నోటితో చెప్పండి."

సరేనని లేచి, గడప దగ్గరున్న చెప్పుల్లో కాళ్ళు దూర్చి తల వంచుకుని నడిచాను. సెంటర్లో లాడ్జి గదికి వచ్చాక చూసుకున్నాను. నా కాళ్ళకు నీలం రబ్బరు చెప్పులున్నాయి. షెడ్డు దాటకూడని చెప్పులు. ఊరి బురదంతా తొక్కించుకుంటూ వచ్చేశాను.

పాల కేంద్రం

పొద్దున మంచులో క్యాన్లు, సైకిళ్ళు, మఫ్లర్లు. చెప్పులు కడిగి ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని, సెంటర్లో తొంభై రూపాయలకు కొన్న చెప్పులతో వెళ్ళాను. హసీనా భర్తతో వచ్చి ఒక పక్కగా నిలబడి ఉంది. సంచి ఇస్తే తీసుకుని లోపలికి చూసి, "ఇవి ఇంక లోపల వాడకూడదు లెండి" అంది. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

కోటేశ్వరరావు గారు "ఈవిడ ఒక మాట చెప్తారంట, వినండి" అని పక్కకు తప్పుకున్నారు. వందలమంది ముందు మైకులో మాట్లాడినదాన్ని, అక్కడ లోగొంతుకతో మొదలుపెట్టాను. మొదట ఎవరికీ వినపడలేదు. "గట్టిగా చెప్పండమ్మా" అని ఎవరో అరిచారు.

ఆ మ్యాపు నేనే పెట్టానని, తప్పు పెట్టానని, హసీనా వాళ్ళ షెడ్డులో గుడ్లు, పిల్లలు తప్ప ఏమీ లేవని, కళ్ళారా చూశానని చెప్పాను.  ఎవరో "అదేందండీ, చూడకుండా ఎట్టా పెట్టారు?" అన్నారు. టీకొట్టు అతను "నా బేరం పోగొట్టారు కదండీ" అంటే నవ్వులు. ఆ నవ్వులకు ప్రాణం కాస్త తేలికపడుతుంటే, క్యాను మీద కూర్చున్న పెద్దాయన ఒకరు చెయ్యెత్తారు.

"సరేనమ్మా. మా హసీనా ఇంట్లో లేవు. మరి మన జిల్లాలో మొత్తం మీద ఎన్నున్నాయి? ఎక్కడున్నాయి?"

న్యాయమైన ప్రశ్న. నా ఉద్యోగమే ఆ ప్రశ్న. ఎప్పుడడిగినా గుక్క తిప్పుకోకుండా అంకె చెప్పేదాన్ని. ఆ అంకెలో ఒకే కంప్యూటరు రెండు అడ్రసులతో రెండుసార్లు పడి ఉండొచ్చు, ఎప్పుడో కట్టేసినవి ఉండొచ్చు, మేం పలకరించినా పలకనివి అసలు లెక్కలోకే రాకపోయి ఉండొచ్చు. అవన్నీ తెలిసీ చెప్పేదాన్ని.

"తెలియదండీ," అన్నాను.

"అసలు తెలియదా?"

"కొన్ని ఉన్నాయండీ. ఎన్నో, ఎక్కడో నాకు తెలియదు."

ఆయన తల ఊపి క్యాను తీసుకుని వరసలోకి వెళ్ళిపోయారు. అప్పుడు హసీనా నా దగ్గరికొచ్చింది.

"ఆ తెలియదనే మాట మొదటే రాస్తే సరిపోయేదిగా?" అంది.  "ఎర్ర గీత గీసే బదులు."

 తల ఎత్తలేకపోయాను. కోటేశ్వరరావు గారు గొంతు సవరించుకుని, "అమ్మాయ్, ఆ కైకలూరు గుడ్లు తెచ్చుకో. మిగతాది తర్వాత చూద్దాం" అన్నారు. జానీ ఆయనకు నమస్కారం పెట్టాడు. నాకు పెట్టలేదు, పెట్టక్కర్లేదు కూడా. బస్సు వచ్చేదాకా హసీనా దూరంగానే నిలబడింది, కానీ వెళ్ళిపోలేదు.

మళ్ళీ గన్నవరం

విజయవాడలో దిగి విమానాశ్రయానికి ఇంకో ఆటో ఎక్కాను. మొన్నటతను కాదు, కుర్రవాడు. ఐదొందల యాభై. బస్సులోనే కరీముల్లా గారికి ఫోను చేసి చెప్పేశాను. ఆయన అంతా విని, "అయ్యో, పాపం ఆ అమ్మాయి" అన్నారు. పద్మజ గారికీ చెప్పాను. మొన్నటి ఆటో అతని నంబరు మాత్రం నా దగ్గర లేదు. అతని బావమరిది ఎవరో, ఆయన ఇంకెవరికి చెప్పాడో నాకు ఎప్పటికీ తెలియదు.

"ఎక్కడి నుంచి వస్తున్నారండీ?" అన్నాడు కుర్రవాడు.

"పామర్రు నుంచి."

అతను అద్దంలోంచి నన్ను చూశాడు. కళ్ళు మెరిశాయి. "ఆ కంప్యూటర్ల ఇల్లు చూశారా మేడమ్?"

చూశానని, అది కోడిపిల్లల హేచరీ అని, మ్యాపు తప్పని, ఆ తప్పు చేసింది నేనేనని అంతా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. కేసరపల్లి దాటాక నా మీద జాలిపడుతున్నట్టు తల అడ్డంగా ఊపాడు.

"మీకు చూపించి ఉండరు లెండి మేడమ్."

విమానానికి ఇంకా ఎంతసేపుందో కూడా చూసుకోలేదు. ఆటో పక్కకి ఆపించి, ఇంజను కట్టేయమని, మళ్ళీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను.